బడి పిల్లలకు ట్యాబులెందుకు? ఆ డబ్బుతో టీచర్లను పెట్టొచ్చు కదా

లెక్కల మాస్టారు:
2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు వీడియో పాఠాలు ఎక్కించిన ట్యాబులు పంచడం మొదలుపెట్టింది. తెలంగాణలోనూ అలాగే ఇవ్వాలని మా స్టాఫ్‌రూమ్‌లో చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. కరోనా ఏడాది, 2020 సెప్టెంబర్ 1 నుంచి మా పిల్లలకు తెలంగాణ ప్రభుత్వ పాఠాల ఛానల్ టీ-శాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలొచ్చాయి. వర్క్‌షీట్లు పట్టుకుని నేను ఇంటింటికీ తిరిగాను. ఏడో తరగతి అమ్మాయి ఒకతె ఒక్క పాఠం కూడా వదలకుండా చూసింది. నోట్సు ముత్యాల్లా రాసింది. తీరా సొంతంగా చేసిన లెక్కలు చూస్తే 1/2 + 1/3 = 2/5 అని ఉంది. పైవి పైవి, కిందివి కిందివి కలిపేసింది. పన్నెండు లెక్కలూ అంతే. టీవీలో సరిగ్గానే చెప్పారు. ఎదురుగా మనిషి ఉంటే మొదటి లెక్క దగ్గరే ఆపేవాడు.

ఏజెన్సీ కుర్రాడు:
సార్, ఎదురుగా మనిషే లేని చోట ఏం చేయాలి? ఇంటర్‌లో మాకు ఫిజిక్స్ లెక్చరర్ ఏడాదంతా లేడు. ఊళ్లో సిగ్నల్ రాదు. గుట్ట మీద చింతచెట్టు దగ్గర రెండు గీతలొచ్చేవి. ఫోన్‌ను కొమ్మల మధ్య పెట్టి, వీడియో డౌన్‌లోడ్ అయ్యేదాకా కింద కూర్చునేవాణ్ని. ఫిజిక్స్ పాసయ్యానంటే ఆ వీడియోల వల్లే. తర్వాత ఉద్యోగ పరీక్షలకు టీ-శాట్ నిపుణ పాఠాలు చూశాను. దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి హాస్టల్‌కూ కోచింగ్‌కూ కట్టే స్తోమత మా ఇంట్లో లేదు. టీచర్ వచ్చేదాకా ఆగమంటే మా వయసు ఆగదు కదా సార్.

ఇద్దరు పిల్లల తల్లి:
మా ఇంట్లో ఉన్నది ఒక్క ఫోన్. కరోనా ఏడాది ఇద్దరికీ ఒకే టైముకు ఆన్‌లైన్ క్లాసులు పెట్టారు. బాబు పదో తరగతి అని ఫోన్ వాడికే ఇచ్చాను. పాప ఒక్కసారి కూడా అడగలేదు, వాడి పక్కన కూర్చుని చిన్నమ్మతో బట్టలు మడతపెట్టేది. ఇప్పటికీ అది గుర్తొస్తే నాకు కడుపులో దేవినట్టుంటుంది. మాస్టారూ, పాప పేరు మీద ఒక ట్యాబ్ వచ్చి ఉంటే దాన్ని ఎవరూ లాక్కునేవాళ్లు కాదు.

చదువరి:
పిల్లలకు చదువు అందకపోవడానికి ఫోన్లు లేకపోవడం ఒక్కటే కారణం కాదమ్మా. పల్లె పిల్లల చదువులపై చేసే అసర్ సర్వే ప్రకారం పల్లెల్లో బడి పిల్లలున్న ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 2018లో 36.5 శాతం, 2020కి 61.8 శాతం. అయినా సర్వే జరిగిన వారంలో బడి నుంచి ఏదో ఒక పాఠమో వర్క్‌షీటో అందింది మూడో వంతు పిల్లలకే. పెరూ దేశం లక్షల ల్యాప్‌టాప్‌లు కొని పల్లె బడులకు పంచింది. లెక్కల్లోనూ భాషలోనూ పిల్లల మార్కులు పెరగలేదని 2012లో వచ్చిన అధ్యయనం తేల్చింది.

అయితే మాస్టారు చెప్పిన అమ్మాయి విషయంలో నా అభిప్రాయం వేరు. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించిన అధ్యయనం 2019లో వెలువడింది. ఆ సాఫ్ట్‌వేర్ పిల్లవాడు ఏ తరగతి అని కాకుండా ఎక్కడ తప్పుతున్నాడో చూసి, అక్కడి నుంచి ప్రశ్నలిస్తుంది. సగం సేపు దానితో, సగం సేపు చిన్న గుంపుకు ఒక బోధకుడితో. నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లో, హిందీలో పిల్లలు బాగా ముందుకెళ్లారు. వీడియో చూపించడం, తప్పు పట్టుకోవడం రెండూ ఒకటి కావు. మనం మాత్రం రెండింటినీ ఈ-లెర్నింగ్ అనేస్తున్నాం.

లెక్కల మాస్టారు:
మొదటి లెక్క దగ్గరే ఆపే సాఫ్ట్‌వేర్ తెలుగులో ఇస్తే నేనే వాడతాను. ఇప్పటిదాకా మా చేతికొచ్చినవన్నీ వీడియోలే. పైగా ఢిల్లీలో కూడా బోధకుడు ఉన్నాడని మీరే అన్నారు. ట్యాబ్ కొనేటప్పుడు ఆయన జీతం లెక్కలో కలపడం లేదు, నా బాధ అదే. ఆడపిల్ల పేరు మీద ట్యాబ్ అన్న మాట మాత్రం నాకు తట్టలేదమ్మా. ఒప్పుకుంటున్నాను.

ఇద్దరు పిల్లల తల్లి:
ఆ అమ్మాయికి భిన్నాలు వచ్చాయా మాస్టారూ?

లెక్కల మాస్టారు:
వచ్చాయమ్మా. అరుగు మీద కూర్చోబెట్టి సుద్దముక్కతో రొట్టె గీశాను. సగానికి ఇంకో ముక్క కలిపితే సగం కంటే తక్కువ ఎలా అవుతుంది సార్ అని తనే అడిగింది. ఆ ఒక్క ప్రశ్న దాకా రావడానికి గంట పట్టింది. ఆ రోజు ఆ వాడలో నేను వెళ్లాల్సిన ఇళ్లు ఇంకా పదిహేడు ఉన్నాయి.