ఊరొదిలి వెళ్ళినవాళ్ళు "మన హైదరాబాద్ పాడైపోయింది" అనొచ్చా?

కొత్తపేట అమ్మాయి:
పండక్కి వచ్చిపోయే చుట్టాలందరిదీ ఇదే మాట. విని విని విసుగొచ్చింది. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ నుంచి అమీర్‌పేటకి మెట్రో పడ్డాకే నా ఉద్యోగం నిలబడింది. అంతకుముందు బస్సులో నిలబడి మలక్‌పేట, కోఠి దాటేసరికే ఓపికంతా అయిపోయేది. ఖాళీ రోడ్ల మీద మీరు సైకిళ్ళు తొక్కిన రోజులు బాగుండొచ్చు. కానీ ఇక్కడ బతుకుతున్నది మేము. వెళ్ళిపోయినవాళ్ళు తీర్పులు చెప్పడం ఆపాలి.

చిక్కడపల్లి:
నిజం. అసలు పాత ఇళ్ళు బిల్డర్‌కి ఇచ్చిందెవరు? రెండు ఫ్లాట్లు తీసుకుని, ఎక్కడో ఉండి అద్దెలు అందుకుంటూ "మా జామచెట్టేదీ" అంటే ఎలా?

సరూర్‌నగర్ - ప్రస్తుతం పుణె:
మెట్రో సంగతి ఒప్పుకుంటానండీ. ఊరు మారకూడదని నేననను. 2008లో బేగంపేట నుంచి విమానాలు శంషాబాద్‌కి పోయినందుకు నాకేం దిగుల్లేదు. నా బాధ చెరువుల గురించి.

మా చిన్నప్పుడు సరూర్‌నగర్ చెరువుకి వాననీళ్ళు ఎటునుంచి వస్తాయో, నిండితే ఎటు పోతాయో వీధిలో పిల్లలందరికీ తెలుసు. ఆ కాలువల్లోనే ఆడుకునేవాళ్ళం. తర్వాత ఆ చుట్టుపక్కల ప్లాట్లు కొన్నవాళ్ళకి ఇదెవరు చెప్పారు? అప్పు చేసి ఇల్లు కట్టుకున్నారు పాపం. 2020 అక్టోబరు వానలకి కోదండరాంనగర్ ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. ఆ నెలలోనే బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్ మునిగింది. 1908 మూసీ వరద చూశాక ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టుకున్న ఊరండీ మనది! నీళ్ళ దారి మూస్తే ఏమవుతుందో ఇంకే ఊరికి తెలియాలి?

ఇల్లు అమ్ముకుని పోయినవాళ్ళలో మా నాన్న కూడా ఉన్నారు. అంతమాత్రాన ఏ కాలువ ఎక్కడుండేదో ఆయన మర్చిపోలేదు. పాతవాళ్ళు మాట్లాడితే చాదస్తం అని తోసెయ్యకండి. ఎక్కడ ఏముండేదో అడిగి రాసుకోండి.

చిక్కడపల్లి:
చెరువుల మాట కాదనను. కానీ మా చుట్టాలు ఏడ్చేది చెరువుల కోసం కాదు సార్, ఇరానీ హోటళ్ళు మూతపడ్డాయని.

కొత్తపేట అమ్మాయి:
తీర్పుల విషయంలో నా మాట మారదు. కాలువల గురించి మాత్రం మాకెవరూ చెప్పలేదు. గట్టి వాన పడితే మా వీధి చివర మోకాళ్ళ లోతు నీళ్ళు. మీ నాన్నగారిని అడిగి, ఏ కాలువ ఎటు పోయేదో కాగితం మీద గీయించి ఇక్కడ పెట్టగలరా? మా కాలనీ సంఘం వాళ్ళకి చూపిస్తాను.