ఎనిమిది కత్తుల కార్డు వచ్చింది, మనసు గురించి ఇది ఏం చెప్తది?

దేవరకొండ_టీచర్:
అందరికీ నమస్తె. హైదరాబాద్‌ల ఉండే నా ఫ్రెండ్ టారో చూస్తది, అంటె బొమ్మల కార్డులు తీసి అర్థం చెప్పుడు, మొన్న వీడియో కాల్‌ల నా కోసం ఒక కార్డు తీసింది, ఎయిట్ ఆఫ్ స్వోర్డ్స్ అంట. ఒక ఆడామె, కండ్లకు గుడ్డ, ఒళ్లంత పట్టీలు చుట్టి ఉన్నయి, చుట్టూ కత్తులు పాతి ఉన్నయి. చూడంగనె గుండె గుబేల్మంది ఎందుకంటె నా పరిస్థితి గట్లనే ఉంది. బీఈడీ అయింది, టెట్ క్వాలిఫై అయిన, ఒక ప్రైవేట్ స్కూల్ల చెప్తున్న, జీతం ఎప్పుడిస్తరో తెల్వదు, చేరినప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీస్కొని బీరువల పెట్టుకున్నరు, అడిగితె ఈ ఏడు అయిపోనీయమ్మా అంటరు. ఇంట్లనేమో సంబంధాలు చూస్తున్నరు. డీఎస్సీకి చదువుదామంటె టైం లేదు, మానేద్దామంటె భయం. పొద్దున బస్ హారన్ వినవడితె కడుపుల తిప్పుతది. నాకు జోస్యం వద్దు, మనసు సంగతి ఈ కార్డు ఏం చెప్తదో తెలిసినోళ్లు చెప్పుండ్రి.

పాలమూరు_అక్క:
చెల్లె, ముందుగాల భయపడకు. ఈ బొమ్మ 1909ల లండన్‌ల అచ్చయిన రైడర్ డెక్ అనే టారో కార్డుల కట్టది, గీసింది పమేలా కోల్‌మన్ స్మిత్ అనే ఆమె, గీయించింది ఆర్థర్ వెయిట్. ఆయన కూడ ఇది కొన్నాళ్ల బంధనమే, ఎప్పటికీ విడువనిది కాదనే రాసిండు. బొమ్మను ఫోన్ల పెద్దగ చేసి చూడు. చేతులు ఒంటికి కలిపి చుట్టిండ్రు గాని కాళ్లకు ఏ కట్టూ లేదు. కత్తులు పక్కకు, వెనకకు ఉన్నయి, ముందట ఖాళీ. కోట యాడనో కొండ మీద ఉంది, కాపలాకు ఒక్క మనిషి లేడు. కింద బురద నీళ్లు, అంటె నడిస్తె కాళ్లు తడుస్తయి, గంతే. టారోల కత్తులంటె ఆలోచనలు, మాటలు. ఎవరేమంటరో, నాతోని అయితదో కాదో, మానేస్తె మల్ల ఎవరు తీస్కుంటరో అని మనసుల తిరిగే మాటలన్నమాట. కండ్లకు గుడ్డ ఉండవట్టి ఆమెకు ముందటి ఖాళీ కనవడ్తలేదు, నేనైతె గట్లనే చదువుత.

నల్గొండ_సైకాలజీ:
కార్డు భవిష్యత్తు చెప్తదంటె నేను నమ్మను, మొదట్ల ఇవి ఇటలీల ఆట కార్డులే, జోస్యానికి వాడుడు 18వ శతాబ్దంలనే గట్టిగ మొదలైంది. గాని బొమ్మను ముందట పెట్టుకొని మాట్లాడితె లోపలిది బయటికొస్తది, అందుకు పనికొస్తది. 1967ల సెలిగ్‌మన్, మేయర్ అని ఇద్దరు సైకాలజీ వాళ్లు అమెరికాల కుక్కల మీద ప్రయోగం చేసిండ్రు, వినడానికే బాధ అయితది. ఏం చేసినా ఆగని కరెంటు షాక్ తిన్న కుక్కలను తర్వాత పొట్టి అడ్డం ఉన్న డబ్బాల పెడితె, దుంకితె తప్పించుకోవచ్చు, అయినా చాలా కుక్కలు దుంకకుండ పడుకున్నయి. దాన్ని నేర్చుకున్న నిస్సహాయత అన్నరు. మల్ల 2016ల వాళ్లిద్దరే మెదడు మీద వచ్చిన కొత్త సంగతులన్ని చూసి మేం తిరగేసి అనుకున్నం అన్నరు. కష్టం ఎడతెగకుంట ఉంటె చతికిలబడుడు మెదడుకు పుట్టుకతోనే ఉన్న తీరు, నేర్చుకునేది ఏందంటె నేను చేస్తె ఏదన్న మారుతది అనే నమ్మకం. అందుకని చెల్లె, నీల ఏదో లోపం ఉందనుకోకు. చిన్న పని ఒకటి పట్టుకో, దాని ఫలితం నీ కంటికి కనవడాలె.

మిర్యాలగూడ_నాగన్న:
అక్క చెప్పింది, తమ్ముడు చెప్పింది రెండూ మంచిగున్నయి గాని నాకు ఒక్కటి ఒప్పుకోబుద్ధి అయితలేదు. అంత మనసులనే ఉంది అంటె తప్పు ఈ చెల్లెదే అన్నట్టు అయితది. బీరువల ఉన్న సర్టిఫికెట్లు ఆలోచన కాదు, నిజం కత్తి. జీతం లేటు నిజం. ఆ కత్తులు ఆమె పాతుకోలేదు, ఎవరో పాతిండ్రు. కూసొని రెండు దిక్కుల రాయమ్మా, ఏది కత్తి, ఏది కండ్ల మీది గుడ్డ. ఒరిజినల్స్ వాళ్ల దగ్గరుంటె డీఎస్సీ రాయలేను అనుకుంటున్నవేమో, అది గుడ్డ, అప్లికేషన్ ఆన్‌లైన్ల పెట్టేటప్పుడు ఒరిజినల్స్ అడగరు, వెరిఫికేషన్ల అడుగుతరు. అంటె నీ చేతుల టైం ఉంది. కడుపుల తిప్పుడు, నిద్ర పట్టకపోవుడు ఆగకపోతె 14416కు ఫోన్ చెయ్యి, టెలి మానస్ అని మనసు బాధలకు సర్కారు పెట్టిన హెల్ప్‌లైన్, పైసలు తీస్కోరు, తెలుగుల మాట్లాడుతరు.

దేవరకొండ_టీచర్:
అన్నా, మీరు చెప్పినట్టు రాసిన. గుడ్డ దిక్కే ఎక్కువ వచ్చినయి, నాకే ఆశ్చర్యమైంది. కత్తులల్ల సర్టిఫికెట్లు, జీతం, ఇంట్ల నాయిన మాట, ఈ మూడే మిగిలినయి. నాయినతోని మా మేనత్తను మాట్లాడమంట, ఆమె చెప్తె ఇంటడు. పాలమూరక్కా, ముందట ఖాళీ ఉందన్నరు సూడు, ఆ మాటకు మస్తు ఏడుపొచ్చింది, గాని మంచి ఏడుపే. ఒక్కటి అడుగుత, సర్టిఫికెట్ల లెటర్ ప్రిన్సిపాల్‌కు రాయాల్నా, కరస్పాండెంట్‌కా?

మిర్యాలగూడ_నాగన్న:
కరస్పాండెంట్ పేరు మీద రాయి, ప్రిన్సిపాల్ ద్వారా అని పెట్టు. ఏ సర్టిఫికెట్ ఎప్పుడిచ్చినవో వివరంగ రాయి. రెండు కాపీలు తీస్కపో, ఒకదాని మీద తారీఖు, సంతకం, స్టాంపు వేయించుకొని నీ దగ్గర పెట్టుకో. వాళ్లు సంతకం పెట్టకపోతె స్పీడ్ పోస్టుల పంపు, ఆ రసీదు పారేయకు.