పేరుకున్న పొరా, పేర్చుకున్న పొరా?

అరసున్న: గజేంద్రమోక్షంలో 'ఎవ్వనిచే జనించు' పద్యం చివర 'వాని నాత్మభవు' అనే కదా? 'ఆత్మవిభు' అని నోటికొస్తోంది, పుస్తకం దగ్గర లేదు. పెరోవ్‌స్కైట్ (వెలుగును పీల్చుకునే ఒక రకం స్ఫటిక పదార్థం) సోలార్ సెల్స్ మీద వ్యాసం రాస్తుంటే ఈ పాదం పట్టుకుంది. గాజు మీది ఐటీఓ (కరెంటు పారే పారదర్శక ఇండియం టిన్ ఆక్సైడ్) పూతపై కార్బజోల్ అనే సేంద్రియ అణువులు ఎవరూ సర్దకుండానే ఒకే వరుసగా నిలబడతాయి. 'స్వీయ సంఘటిత ఏకాణు పొర' అని రాస్తే పిల్లలు చదవరు. 'తనంతట పేరుకున్న పొర' అనవచ్చా?

యతిమైత్రి: ఆత్మభవు. 'త్మభవు', 'త్మవిభు' రెండూ నగణాలే, యతి 'నీశ్వరు' దగ్గర పడుతుంది కాబట్టి ఛందస్సు తీర్పు చెప్పదు. కానీ పైన 'మూలకారణం' అన్నాక తనంత తానే పుట్టినవాడనే అర్థమే పోతనగారికి కావాలి.

నాగావళి: 'పేరుకున్న' వద్దండీ. నెయ్యి పేరుకుంటుంది, దుమ్ము పేరుకుంటుంది. ఈ పొర గొప్పతనమంతా ఒక్క వరుసతో ఆగిపోవడంలో ఉంది. అణువు చివరి ఫాస్ఫోనిక్ ఆమ్లం ఐటీఓ మీది హైడ్రాక్సిల్‌ను (ఆక్సిజన్–హైడ్రోజన్ జంటను) పట్టుకుంటుంది, నీరు విడిపోతుంది. పట్టు దొరకని అణువుల్ని ఇథనాల్‌తో కడిగేస్తారు. మిగిలేది నానోమీటరు లెక్క, దాని మీద పెరోవ్‌స్కైట్ సుమారు అర మైక్రాన్. 'పేర్చుకున్న' అనండి.

యతిమైత్రి: 'ర్చు' వచ్చిందంటే చేసేవాడు ఉండాలి. మారు–మార్చు, చేరు–చేర్చు చూడండి. ఇక్కడ పేర్చేవాడెవరు?

నాగావళి: 'కొను' చేరింది కదండీ, అణువులే కర్తలు.

గడియారం స్తంభం: 'ఏకాణు' సంగతి ఎవరూ పట్టించుకోరేం? బడి పుస్తకంలో అణువు వేరు, పరమాణువు వేరు. పేపర్లో అణుబాంబు, అణువిద్యుత్తు. సౌరవిద్యుత్ వ్యాసంలో 'అణు పొర' కనపడితే రియాక్టరే గుర్తొస్తుంది.

కృష్ణలంక: ల్యాబ్‌లో ఈ పనే చేస్తాను. ఈ అణువులు ఇథనాల్‌లోనే ముద్దకడతాయి, అప్పుడు ఐటీఓ మీద అక్కడక్కడా ఖాళీలు మిగులుతాయి. మిథైల్ గుంపులు (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు) ఉన్న రకంతో ఇంకో తంటా: పైన పోసిన పెరోవ్‌స్కైట్ ద్రావణం పరుచుకోక వెనక్కి ముడుచుకుంటుంది. 'పేరుకున్న' మాటను ఆ ముద్దల కోసం దాచండి. మంచి పొరకు 'అమరిన' చాలు, కర్త గొడవే లేదు. ఆ మిథైల్ రకం లిథువేనియాలోని కౌనస్‌లో తయారైంది. దానితోనే బెర్లిన్ హెల్మ్‌హోల్ట్జ్ కేంద్రం వాళ్లు సిలికాన్ మీద పెరోవ్‌స్కైట్ పెట్టి, 2020లో 29.15 శాతం సామర్థ్యం చూపించారు. 2009లో జపాన్‌లో మియసాకా బృందం మొదలుపెట్టింది 3.8 దగ్గర! మధ్యలో ఎన్నో మార్పులొచ్చాయి, కానీ ఈ పొర లేనిదే ఆ టాండెమ్ (ఒకదానిపై ఒకటి పెట్టిన జంట సెల్) లేదు.

అరసున్న: 'అమరిన' బాగుంది. 'ఆత్మభవ పొర' అని కూడా అనుకున్నాను.

యతిమైత్రి: అది మాత్రం వద్దు. ఆత్మభవుడంటే మన్మథుడు కూడా. పైగా అణువుల్ని ఎవరో తయారుచేసి ద్రావణంలో వేస్తేనే కదా అవి అమరేది? 'అనాదిమధ్యలయుఁడు' అన్నవాడి పక్కన ఆ మాట నిలవదు. అసలు ఆ సమాసాన్ని ఎలా విరుస్తారో చెప్పండి, ఆదీ మధ్యా లయా మూడూ లేనివాడనా?

గడియారం స్తంభం: అవును, మూడింటికీ నిషేధమే. అన్నట్టు 'తనంతట అమరిన' కాదు, 'తమంతట'. అమరింది అణువులు.

నాగావళి: విశేష్యం 'పొర' అయినప్పుడు బహువచనం ఎలా వస్తుందండీ?