‘నో మీన్స్ నో’కి ‘కాదంటే కాదు’ సరిపోతుందా?

ఒక మనిషి ఇష్టం లేదంటే బలవంతం చేయకూడదని చెప్పే నినాదం ‘నో మీన్స్ నో’. దాన్ని తెలుగులో ‘కాదంటే కాదు’ అని రాయొచ్చా అని అడిగారు. రాయకూడదని నా అభిప్రాయం.

ఇది నీ పుస్తకమా అంటే ‘కాదు’. నాన్న ఉన్నారా అంటే ‘లేదు’, ఇంకా మర్యాదగా ‘లేరు’. తోడు రమ్మంటావా అంటే ‘వద్దు’. రేపు వస్తావా అంటే ‘రాను’. వీటన్నిటికీ ఇంగ్లీషులో ‘నో’ చాలు. మనం మాత్రం దేన్ని కాదంటున్నామో చూసుకుని మాట ఎంచుకోవాలి.

అసలు చిక్కు ‘రాలేదా?’, ‘కాదా?’ అని వ్యతిరేకంగా అడిగినప్పుడు వస్తుంది. ఒకసారి ఫోన్‌లో, మెయిల్ రాలేదా అని ఇంగ్లీషులో అడిగితే నేను ‘యెస్’ అన్నాను. నా మనసులో ఉన్నది ‘అవును, రాలేదు’. అవతలివాళ్లు వచ్చిందనుకుని ఫోన్ పెట్టేశారు. మన ‘అవును’ అడిగినవాళ్ల మాటతో ఏకీభవిస్తుంది. ఇంగ్లీషు ‘యెస్’, ‘నో’ జరిగిందా లేదా అన్నదే చెబుతాయి.

ఒకప్పుడు ఇంగ్లీషులోనూ ఈ తేడాకి వేరే మాటలుండేవి. మామూలు ప్రశ్నకి ‘యే’, ‘నే’. వ్యతిరేకంగా అడిగితే ‘యెస్’, ‘నో’. ‘నే’ అనాల్సిన చోట ‘నో’ వాడాడని బైబిలు అనువాదకుడు విలియం టిండేల్‌ని ఇంగ్లీషు రచయిత థామస్ మోర్ 1532లో తప్పుపట్టాడు. తర్వాత ఆ తేడా చెరిగిపోయింది.

నామవాచకం ముందు వచ్చే ‘నో’ ఇంకా గడుసుది. ‘హీ ఈజ్ నాట్ ఎ డాక్టర్’ అంటే అతని వృత్తి అది కాదు, అంతే. ‘హీ ఈజ్ నో డాక్టర్’ అంటే చాలాసార్లు ‘అతనూ ఒక డాక్టరేనా!’ అని. ‘హీ ఈజ్ నో ఫూల్’ని ‘అతనేం తెలివితక్కువవాడు కాదు’ అనాలి. అందులో ‘ఏం’ తీసేస్తే వాక్యం చప్పబడిపోతుంది. నిఘంటువులో ‘నో’ పక్కన ‘ఏం’ ఉండదు గానీ, ఇక్కడ దాని పని చేసేది అదే.

ఇక మొదటి ప్రశ్న. ‘కాదు’ ఒక విషయాన్ని కొట్టిపారేస్తుంది. ‘నో మీన్స్ నో’లో ఉన్నది విషయం కాదు, ఒక మనిషి ఇష్టం. ‘నాకు వద్దు’ అన్నా, ‘ముట్టుకోవద్దు’ అన్నా మనకి ఉన్నది ఒకే ‘వద్దు’. ఇష్టం లేకపోవడం, ఎదుటివాళ్లని ఆపడం రెండూ అందులోనే ఉన్నాయి. ఇంగ్లీషు ‘నో’లో కూడా ఇంత స్పష్టత లేదు. అందుకే నేనైతే ‘వద్దంటే వద్దు’ అనే రాస్తాను.