అప్‌డేట్: పక్క కౌంటర్ అక్కతో మాట్లాడాను

నెల క్రితం నేను అడిగింది ఇది: ప్రొద్దుటూరులో బట్టల షాపులో పని చేస్తున్నాను, పక్క కౌంటర్ అక్కకు యేసు ప్రభువు గురించి చెప్పాలని నోరు తెరిస్తే ప్రసంగంలా అయిపోతోంది, మామూలుగా ఎలా మాట్లాడాలి అని. చాలామంది ఒకే మాట చెప్పారు: ముందు ఆమె చెప్పేది విను.

అదే చేశాను. మూడు వారాలు ఆ ఊసే ఎత్తలేదు. మధ్యాహ్నం క్యారియర్లు విప్పుకుని కూర్చున్నప్పుడు వింటూ వచ్చాను. వాళ్లమ్మకు వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయిస్తున్నారని అప్పటిదాకా నాకు తెలియనే తెలియదు. రెండేళ్లుగా పక్కపక్కనే నిలబడి చీరలు మడతపెడుతున్నాం! తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంది.

మొన్న బుధవారం ఆమే అడిగింది: "మీ నాయన పోయినప్పుడు అంత నిబ్బరంగా ఎట్లా ఉన్నావు పాపా?"

టెన్షన్‌తో గొంతు ఆరిపోయింది. బైబిల్ వాక్యాలేవీ చెప్పలేదు. "నిబ్బరం కాదక్కా, రాత్రుళ్లు ఏడ్చేదాన్ని. ఏడుస్తూనే ప్రార్థన చేసుకునేదాన్ని. ప్రభువు వింటున్నాడనే నమ్మకమే నన్ను నిలబెట్టింది" అన్నాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. "మీ అమ్మ కోసం ప్రార్థన చేయనా?" అంటే తలూపింది.

ఒకరు యోహాను సువార్త 4వ అధ్యాయం చదవమన్నారు. సమరయ స్త్రీతో యేసు మాట మొదలుపెట్టింది తాగడానికి నీళ్లు అడిగి. ఎన్నోసార్లు చదివిన భాగమే, అయినా ఆయనే ముందు అడిగాడన్నది ఇప్పుడే మనసుకు పట్టింది.

ఆమెను చర్చికి పిలవలేదు. రేపు డయాలసిస్‌కు తోడుగా వెళ్తున్నాను, షాపులో సగం రోజు సెలవు అడిగాను.