3, 4, 5 తరగతుల పిల్లలకు పెద్దపులి గురించి ఎలా చెప్పాలి? (తిరుపతి)

చంద్రగిరి టీచర్:
అందరికీ నమస్కారం. జులై 29 పులుల దినోత్సవానికి ముందు మా బడిలో మూడు పీరియడ్లు పెద్దపులికి, ఆ తర్వాత ఒక రోజు ఎస్వీ జూకు కేటాయించాం. పిల్లలు 40 మంది. మాస్కులు, డ్రాయింగు పోటీ, నినాదాలు ప్రతి ఏడూ ఉండేవే. ఈసారి పులి ఎలా బతుకుతుందో, దాన్ని ఎందుకు కాపాడాలో వాళ్లకు నిజంగా అర్థం కావాలి. ప్రొజెక్టర్ లేదు. సుద్దముక్కలు, కాగితాలు, ఆటస్థలం ఉన్నాయి. ఇంకో చిక్కు, ఇక్కడి పిల్లలకు పులి అనగానే అలిపిరి నడకదారి చిరుతే గుర్తొస్తుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

అడవిబాట:
మేడం, మొదటి పీరియడ్‌లో కాపాడటం సంగతి ఎత్తకండి. ముందు జంతువు ఏమిటో తెలియాలి. మీరు చిక్కు అన్నదే మంచి మొదలు.

ఆటస్థలంలో సుద్దతో రెండు గీతలు గీయించండి. తోక చివరి దాకా కలిపి ఎదిగిన మగ పెద్దపులికి 9 అడుగులు, చిరుతకు 6 నుంచి 7. పెద్దపులి బరువు 200 కిలోలు దాకా, అంటే 25 కిలోల బియ్యం మూటలు ఎనిమిది. చిరుత రెండు మూటలు, మహా అయితే మూడు. ఒకదానికి చారలు, రెండోదానికి గుత్తుగుత్తుగా నల్ల మచ్చలు. మన శేషాచలం చిరుతల అడవి, పెద్దపులులకు పేరు నల్లమల. అక్కడి నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం విస్తీర్ణంలో దేశంలోని పులుల అభయారణ్యాలన్నిటిలోకీ పెద్దదని, అక్కడ పులుల జాడ పట్టి కాపలా కాసేవాళ్లలో చెంచులు చాలామంది ఉన్నారని కూడా చెప్పండి.

తర్వాత స్టాంపు ప్యాడ్ తెచ్చి అందరి బొటనవేలి ముద్రలూ ఒకే కాగితం మీద వేయించండి. ఏ రెండూ ఒకటిగా ఉండవు. పులి చారలూ అంతే. అందుకే అడవి దారికి అటూ ఇటూ మోకాలి ఎత్తులో రెండు కెమెరాలు కడతారు. ఒకటి చాలదా అని పిల్లలే అడుగుతారు. కుడి పక్క చారలు వేరు, ఎడమ పక్క చారలు వేరు. ఒక్క పక్క ఫొటోలే ఉంటే ఒకే పులిని రెండుసార్లు లెక్కపెట్టే ప్రమాదం ఉంది. నాలుగేళ్లకోసారి దేశమంతా జరిగే పులుల లెక్కకు ఇదే ఆధారం. 2006లో 1,411 అనుకున్నది 2022 అంచనాకు 3,682 అయింది. ఈ రెండు అంకెలూ బోర్డు మీద తప్పకుండా రాయండి. తగ్గిపోతున్నాయని మాత్రమే వింటే పిల్లలు నీరుగారిపోతారు, కాపలా పెడితే పెరుగుతాయని కూడా తెలియాలి.

లెక్కల మాస్టారు:
రెండో పీరియడ్‌కు చింతగింజల ఆట పెట్టండి. ఎందుకు కాపాడాలి, దేని నుంచి కాపాడాలి అన్నది ఇందులోనే తేలిపోతుంది.

పెద్దపులికి ఇంచుమించు వారానికో పెద్ద జంతువు కావాలి. దుప్పి, కణితి, అడవిపంది, ఏదైనా. ఏడాదికి 50 అనుకోండి. మందలో పదో వంతు పోయినా మళ్లీ పుట్టి సరిపోతాయి. కాబట్టి ఒక్క పులి నిలవాలంటే దాని చుట్టూ 500 జంతువులు తిరుగుతుండాలి. 500 గింజలు ముందే పదేసి కుప్పలు పోసి ఉంచండి, లేకపోతే పీరియడంతా లెక్కపెట్టడానికే అయిపోతుంది.

మొదట ఉచ్చులు లేని అడవి. పదో వంతు పుడతాయి, 50 కలపాలి. పులి 50 తీసుకుంటుంది. ఎన్నేళ్లు ఆడినా 500 దగ్గరే ఉంటుంది. ఇప్పుడు ఒక పిల్లవాడిని ఉచ్చు పెట్టేవాడిగా నిలబెట్టండి, వాడూ ఏడాదికి 50 తీస్తాడు. 500 కాస్తా 450, తర్వాత 395, 334, 267, 193, 112, ఏడో ఏడు 23. ఎనిమిదో ఏడు పులికి తిండి లేదు. పులి మీద ఎవరూ చెయ్యి వేయలేదు, అయినా పులి పోయింది.

ఇక్కడ చాలామంది మూడో ఏట ఆపేస్తారు. అప్పటికి ఇంకా 300 పైన గింజలు కనిపిస్తుంటాయి కాబట్టి పిల్లలకు ఏమీ కాలేదనిపిస్తుంది. పుట్టేది ఏటేటా తగ్గుతోందని, తీసేది మాత్రం తగ్గలేదని కనపడాలంటే చివరిదాకా ఆడాల్సిందే. మూడో తరగతికి ఒక గింజ పది జంతువులని చెప్పి 50 గింజలతో ఆడించండి. అడవిలో లెక్క ఇంత సూటిగా ఉండదు, కరువు, రోగం, మేత అన్నీ ఉంటాయి. ఐదో తరగతి వాళ్లకు ఆ మాట కూడా చెప్పడం న్యాయం.

అడవిబాట:
మాస్టారి ఆట అయ్యాక ఉచ్చు అంటే ఏమిటో చూపించండి. బండి క్లచ్ వైరు ముక్కతో జారుముడి వేసి, ఒక కర్ర దూర్చి లాగితే చాలు. లాగేకొద్దీ బిగుస్తుంది. పిల్లల చేతికి మాత్రం ఇవ్వొద్దు. అడవిపందికని పెట్టినదాంట్లో పులి కూడా పడుతుంది.

విషం సంగతీ చెప్పాలి. పులి చంపిన ఎద్దును ఒక్క పూటలో తినేయలేదు, మళ్లీ మళ్లీ అక్కడికే వస్తుంది. పశువు పోయిన మనిషి కడుపుమంటతో కళేబరం మీద మందు చల్లితే, తిరిగొచ్చిన పులి చస్తుంది. ఆ రైతును దుర్మార్గుడిగా చూపించకండి. ఎద్దు పోవడం చిన్న నష్టం కాదు. ప్రభుత్వ పరిహారం అతనికి త్వరగా అందడం కూడా పులిని కాపాడటమే.

జూ బడి:
జూకు పొద్దున్నే వెళ్లండి. ఎండెక్కితే పులి నీడన పడుకుంటుంది, పిల్లలు అరిచి లేపడానికి చూస్తారు. ఇద్దరికో కాగితం ఇచ్చి, పది నిమిషాల పాటు నిమిషానికోసారి పులి ఏం చేస్తోందో రాయమనండి: పడుకుంది, నడుస్తోంది, వాసన చూస్తోంది. చెవుల వెనక తెల్లమచ్చ కనిపెట్టమనండి. చేతిలో పని ఉంటే గోల ఉండదు. ఒకే బాటలో అటూ ఇటూ తిరుగుతున్న పులి కనిపించి ఎందుకలా అని అడిగితే, చోటు, పని చాలక అలా చేస్తుందని ఉన్నమాట చెప్పేయండి.

తెల్లపులి దగ్గర జాగ్రత్త. పిల్లలకు అదే అపురూపంగా, దాన్నే ముందు కాపాడాలనిపిస్తుంది. అది వేరే జాతి కాదు, మన పెద్దపులే, రంగులో తేడా. జూలలోని తెల్లపులుల్లో ఎక్కువ భాగం 1951లో మధ్యప్రదేశ్‌లోని రీవాలో దొరికిన ఒక్క మగ పులిపిల్ల సంతతి. ఆ రంగు కోసం దగ్గరి చుట్టరికంలోనే జతకట్టించడంతో పుట్టుకతోనే లోపాలు వచ్చాయి.

చంద్రగిరి టీచర్:
అందరికీ చాలా థాంక్సండీ. గింజలు ఈ రోజే సేకరిస్తాం. రెండు ప్రశ్నలు మిగిలాయి. అన్నిటినీ జూలోనే పెంచితే సరిపోదా అని పిల్లలు అడుగుతారు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడిలో చిన్నపాప చనిపోయింది కదా, మనుషుల్ని చంపేవాటిని ఎందుకు కాపాడాలని తల్లిదండ్రులు అడుగుతారు.

జూ బడి:
మొదటిదానికి: పులిపిల్ల ఇంచుమించు రెండేళ్లు తల్లి వెంట తిరిగి వేట నేర్చుకుంటుంది. ఆరితేరిన పులికే చాలా ప్రయత్నాలు వట్టిపోతాయి. జూలో పుట్టినదానికి ఆ చదువు ఉండదు, మనిషంటే బెదురూ ఉండదు. తీసుకెళ్లి అడవిలో వదిలితే బతకడం కష్టం, ఊళ్ల మీదికి వచ్చే ప్రమాదమూ ఉంది.

అడవిబాట:
రెండోదాన్ని దాటవేయకండి మేడం. ఆ పాప విషయంలో వాళ్ల బాధ నిజం, భయం నిజం. "పులి ఏమీ చేయదు" అని పిల్లలకు ఎప్పుడూ చెప్పొద్దు, అది అబద్ధం, పైగా ప్రమాదం. అడవి దారిలో చిన్నపిల్లలు ముందుకు పరిగెత్తకూడదు, వెనకబడకూడదు, పెద్దల మధ్యలో చేయి పట్టుకుని నడవాలి. చీకటి పడ్డాక అసలే వద్దు. తినుబండారాలు దారిలో పారేస్తే కుక్కలు, పందులు చేరతాయి, వాటి కోసం చిరుత వస్తుంది. ఈ నాలుగు ముక్కలూ మూడో పీరియడ్‌లో నోటికి వచ్చేలా చెప్పించండి.

ఆ తర్వాత అడవి సంగతి. కల్యాణి డ్యాంకు, తిరుమల కొండ మీది పాపవినాశనానికి నీళ్లు శేషాచలం అడవి నుంచే వస్తాయి. పులి లేకపోతే రేపే వాన ఆగిపోతుందని మాత్రం అనకండి, అలా జరగదు. పులి నిలవాలంటే పెద్ద అడవి, వందల దుప్పులు, వాటికి గడ్డి, నీళ్లు అన్నీ ఉండాలి. పులి కోసం కాపలా పెడితే అవన్నీ కాపలాలోకి వస్తాయి. 1973లో పులులను కాపాడే కేంద్ర ప్రభుత్వ పథకం ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది ఈ ఆలోచనతోనే.

జూ ప్రయాణం మూడు పీరియడ్లూ అయ్యాకే పెట్టుకోండి. ముందే వెళ్తే ఐస్‌క్రీం తప్ప ఇంకేమీ గుర్తుండదు.