డ్యూటీలో తగిలిన గాయానికి రిటైరైన ఇన్నేళ్లకు ఏమైనా వస్తుందా?

హెడ్ కానిస్టేబుల్ కూతురు, వరంగల్ వైపు:
అందరికీ నమస్కారం. నాన్న ఏఆర్‌లో (ఆర్మ్‌డ్ రిజర్వ్ పోలీసు) చేసి 2012లో రిటైరయ్యారు, ఇప్పుడు 71. 1990ల్లో కూంబింగ్ నుంచి తిరిగొస్తుంటే జీపు కింద మందుపాతర పేలి ఎడమ కాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది, ఎడమ చెవి ఆ రోజే పోయింది. ఆరేడు నెలలు మంచం మీదే, ఆ తర్వాత లైట్ డ్యూటీ అని బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో (ఆయుధాల గదిలో) వేశారు, రిటైరయ్యేదాకా తుపాకులు లెక్కపెట్టే పనే. ఇప్పుడు మోకాలు వంగదు, మెట్లు దిగాలంటే ఎవరో ఒకరు పట్టుకోవాలి, ఎవరు మాట్లాడినా తల తిప్పి కుడి చెవి పెడతారు. గాయపడ్డ పోలీసులకు డిసెబిలిటీ పెన్షన్, లక్షల్లో అరియర్స్ అని వాట్సాప్‌లో ఏదో తిరుగుతుంటే అర్జీ రాసుకుని ఒక ఆఫీసుకు వెళ్లారు. అక్కడ ఒకాయన కాగితం చదవకుండానే "ఇన్నాళ్లకా?" అన్నాడట. అప్పటి నుంచి ఆ మాట ఎత్తనివ్వడం లేదు. నిజంగా ఏం వస్తుంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

రిటైర్డ్ ఆఫీస్ సూపరింటెండెంట్:
అమ్మా, నేను పెన్షన్ సెక్షన్‌లో చాలా ఏళ్లు కూర్చున్నవాణ్ణి, ఉన్నదున్నట్టు చెప్తాను. ఆ వాట్సాప్ మెసేజ్ మిలిటరీవాళ్ల సంగతి. ఆర్మీ డిసెబిలిటీ పెన్షన్ నియమాలు వేరు, రాష్ట్ర పోలీసువి వేరు, ఆ రెండూ కలిపేసి పంపుతుంటారు. మీ నాన్నగారు వయసు నిండాక రిటైరయ్యారు కాబట్టి ఇన్వాలిడ్ పెన్షన్ వర్తించదు, అది ఆరోగ్యం పాడై మధ్యలోనే సర్వీసు వదలాల్సి వచ్చినవాళ్లకు. మిగిలేది ఎక్స్‌ట్రార్డినరీ పెన్షన్, అంటే డ్యూటీ వల్లే గాయం అని రుజువు చేసి అడిగేది. ఆలస్యం చాలా పెద్ద అడ్డంకి, ఆశ తక్కువే పెట్టుకోండి. కానీ కాగితాలు చూడకుండా లేదని చెప్పే హక్కు ఆ ఆఫీసులో ఆయనకూ లేదు.

ముందు సర్వీస్ రిజిస్టర్‌లో ఒక్కటి చూడాలి: ఆ ఆరేడు నెలల సెలవును ఏమని రాశారు? ఫండమెంటల్ రూల్ 83 కింద స్పెషల్ డిసెబిలిటీ లీవ్ అని ఒకటుంది, డ్యూటీ చేస్తుండగా, ఆ డ్యూటీ కారణంగా గాయపడ్డవాళ్లకే ఇస్తారు, గరిష్ఠం 24 నెలలు. ఆ పేరు రాసి ఉంటే గాయం డ్యూటీ వల్లేనని డిపార్ట్‌మెంట్ అప్పుడే ఒప్పుకున్నట్టు, దాన్ని మించిన సాక్ష్యం లేదు. ఊరికే మెడికల్ సర్టిఫికెట్ మీద హాఫ్ పే లీవ్ అని రాసి ఉంటే మాత్రం కష్టం. మా రోజుల్లో చాలామందికి అలాగే రాసేశారు, క్లర్కుకు అది సులువు, కానిస్టేబుల్‌కు తేడా తెలియదు.

తర్వాత, పేలుడు జరిగిన వారంలో వచ్చిన డి.ఓ., అంటే ఎస్పీ ఆఫీసు ఉత్తర్వుల కాగితం, పట్టుకోండి. గాయపడ్డవాళ్ల పేర్లు అందులో వరసగా ఉంటాయి. ఎఫ్‌ఐఆర్, గాయాల సర్టిఫికెట్, ఆ రోజు డ్యూటీ పాస్‌పోర్ట్ (డ్యూటీకి పంపుతూ ఇచ్చిన కాగితం), ఇంట్లో ట్రంకు పెట్టెలో ఏదున్నా పారేయకండి. అదే జీపులో ఉన్నవాళ్లు ఎవరైనా బతికుంటే వాళ్ల దగ్గర కూడా ఆ డి.ఓ. నకలు ఉండొచ్చు, ఒకరికి దొరికితే అందరికీ పనికొస్తుంది.

ఆర్టీఐ వేయడం అలవాటున్నవాడు:
సూపరింటెండెంట్ గారు చెప్పినవాటికి ఆర్టీఐ వేయండి, జిల్లా స్థాయి ఆఫీసుకు ఫీజు 10 రూపాయలే. "నాకు న్యాయం చేయగలరు" అని రాయొద్దు, ఏ కాగితం కావాలో అదే అడగండి: ఫలానా నెల, ఫలానా సంవత్సరం డి.ఓ. ధ్రువీకృత నకలు; సర్వీస్ రిజిస్టర్‌లో గాయం, సెలవు రాసిన పేజీల నకలు. నాన్నగారి పేరు మీదే వేయండి, ఎందుకంటే మీరు వేస్తే వేరేవాళ్ల వ్యక్తిగత సమాచారం అని తిప్పి పంపుతారు. 30 రోజులు చూసి రాకపోతే ఆ తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు. రికార్డు కాల్చేశాం, చెదలు పట్టింది అంటే ఆ మాటే రాతపూర్వకంగా తీసుకోండి, రేపు కోర్టుకు వెళ్తే అదీ పనికొస్తుంది.

అరియర్స్ లక్షల్లో అనేది కూడా నమ్మకండి. 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: పెన్షన్ నెలనెలా రావాల్సింది కాబట్టి ఆలస్యమైనా అడగొచ్చు, కానీ బకాయిలు కోర్టుకొచ్చిన తేదీకి వెనక మూడేళ్లవరకే. అదీ ఆర్మీ కేసే, మన లాయర్లు కూడా వాడతారు.

యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు కార్డు) కోసం తిరిగి తిరిగి అలసిన కొడుకు, ఖమ్మం:
అక్కా, పెన్షన్ సంగతి తేలడానికి ఏళ్లు పడుతుంది, ఈలోపు వికలాంగుల సర్టిఫికెట్ తీసుకోండి, దానికి డ్యూటీ గాయమా కాదా అని ఎవరూ అడగరు. మా నాన్నకూ పోలీసు ఉద్యోగమే, నడుము దెబ్బ. కాలుకు ఎముకల డాక్టరు, చెవికి ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) విడివిడిగా చూసి శాతాలు వేస్తారు. ఒక్క చెవి పోతే చట్టం ప్రకారం వినికిడి వైకల్యం కిందికి రాదు, రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ నష్టం ఉండాలి, కాబట్టి కుడి చెవి కూడా సరిగ్గా పరీక్ష చేయించండి, వయసుతో అదీ తగ్గి ఉంటుంది. రెండూ లెక్కలోకి వస్తే ఊరికే కూడరు: పెద్ద శాతానికి చిన్నదాన్ని 90లో మిగిలినదాంతో గుణించి 90తో భాగించి కలుపుతారు. కాలు 40, చెవి 27 అనుకోండి, 67 కాదు, 55 వస్తుంది. నాకిది తెలియక మెడికల్ బోర్డులో డాక్టర్‌తో గొడవ పెట్టుకుని వచ్చాను, ఇంటికొచ్చి లెక్కేస్తే ఆయనే కరెక్ట్. 40 నుంచి పసుపు కార్డు, 80 నుంచి నీలం.

దాంతో ఏమొస్తుందంటే, రైలు. సీనియర్ సిటిజన్ రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది కదా, కానీ తోడు లేకుండా ప్రయాణం చేయలేని కాలు వైకల్యం ఉన్నవాళ్లకు స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ 75 శాతం, తోడు వచ్చేవాళ్లకూ అంతే. "తోడు లేకుండా ప్రయాణం చేయలేరు" అన్న ముక్క డాక్టరు రాయాలి, అడగకపోతే రాయరు. ఇన్‌కమ్ ట్యాక్స్‌లో 75 వేల తగ్గింపు పాత విధానంలోనే, పైగా కొత్త విధానంలో 12 లక్షల దాకా పన్నే లేదు, హెడ్ కానిస్టేబుల్ పెన్షన్‌కు దాని అవసరం రాదు. ఆసరా పింఛను కోసం తిరగకండి, సర్కారు పెన్షన్ వస్తుంటే ఇవ్వరు.

హెడ్ కానిస్టేబుల్ కూతురు:
చాలా థాంక్స్. ఒకాయన 15 వేలు ఇస్తే వికలాంగుల సర్టిఫికెట్‌లో 80 శాతం వేయిస్తానని ఫోన్ చేశాడు, నాన్న కూడా "పోనీ" అంటున్నారు.

రిటైర్డ్ ఆఫీస్ సూపరింటెండెంట్:
వద్దమ్మా. మోసంతో ప్రయోజనం పొందితే వికలాంగుల హక్కుల 2016 చట్టం సెక్షన్ 91 కింద రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, రెండూ కూడా పడొచ్చు. అంతకన్నా ముఖ్యం, రేపు అసలు క్లెయిమ్‌లో ఈ సర్టిఫికెట్ పెడితే మళ్లీ మెడికల్ బోర్డుకు పంపుతారు. అక్కడ 80 కాస్తా 45 అయితే నిజమైన గాయం కూడా అబద్ధంలా కనబడుతుంది.

మరొక రిటైర్డ్ కానిస్టేబుల్ భార్య:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. మా అబ్బాయికి 30 ఏళ్లు, బుద్ధిమాంద్యం, సంపాదించుకోలేడు. మా ఇద్దరి తర్వాత వాడికి ఏమైనా వస్తుందా?

రిటైర్డ్ ఆఫీస్ సూపరింటెండెంట్:
వస్తుందమ్మా. ఆయన తర్వాత మీకు, మీ తర్వాత బాబుకు జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్. మెడికల్ సర్టిఫికెట్ తీసుకుని ఆయన బతికుండగానే పెన్షన్ కాగితాల్లో బాబు పేరు ఎక్కించుకోండి, గార్డియన్ ఎవరో కూడా ఇప్పుడే తేల్చుకోండి. తర్వాత చేద్దాంలే అనుకున్న ఇళ్లలో చుట్టాలు మూడేళ్లు ట్రెజరీల చుట్టూ తిరగడం చూశాను.

హెడ్ కానిస్టేబుల్ కూతురు, రెండు నెలల తర్వాత:
ఆర్టీఐ జవాబు వచ్చింది. డి.ఓ. దొరికింది, కార్బన్ కాపీకి జిరాక్స్, సగం అక్షరాలు మసక. ఆరుగురి పేర్లున్నాయి, నాన్నది నాలుగోది, "లెఫ్ట్ లెగ్ ఫ్రాక్చర్" అని చదవగలిగాం. చెవి ఊసే లేదు. సర్వీస్ రిజిస్టర్‌లో మాత్రం హాఫ్ పే లీవ్ అని రాశారు. నాన్న ఆ కాగితం పట్టుకుని మిగతా ఐదుగురి పేర్లూ పైకి చదివి, ఇద్దరు పోయారని చెప్పారు. ఇప్పుడు సెలవు పేరు మార్చమని అడగాలా, నేరుగా క్లెయిమ్ వేయాలా?

రిటైర్డ్ ఆఫీస్ సూపరింటెండెంట్:
రెండూ ఒకే అర్జీలో పెట్టండి, మొదటి పేరాలో డి.ఓ. నంబరు, తేదీ రాయండి. చెవి గురించి డి.ఓ.లో లేదు కాబట్టి దాన్ని ఇందులో కలపొద్దు, కాలు ఒక్కటే అడగండి. మిగిలిన ముగ్గురి అడ్రసులు మీ నాన్నగారికి తెలిస్తే వాళ్లనీ వేయమనండి, ఒకే డి.ఓ. మీద నలుగురి అర్జీలు వస్తే పక్కన పెట్టడం కష్టం. అర్జీ చేతికిచ్చి రాకండి, స్పీడ్ పోస్టులో పంపి ఆ రసీదు జాగ్రత్త చేయండి.